ఒక మెట్టు జారిన శుభలేఖ

దూలపల్లి బాలేష్ ఇంజనీరింగ్ చదువును మూడో సెమిస్టర్‌లో వదిలేశాడు. వదిలేసిన రోజు ప్రిన్సిపాల్ గేటు దాకా వెంటపడి వచ్చి, నువ్వు పోతే మా కాలేజీ పరువు ఏంగాను నాయనా అని గడ్డం పట్టుకుని బతిమాలాడని బాలేష్ చెబుతాడు. ఆ గేటు దగ్గర కాపలా ఉద్యోగం అతని నాయిన జంగయ్యది కావడంతో ఆ కథ ఎక్కువ కాలం నిలవలేదు. వెంటపడి వచ్చింది లైబ్రరీ మనిషనీ, అడిగింది వాపసు ఇవ్వని రెండు పుస్తకాలనీ జంగయ్య ఊళ్ళో విడమర్చి చెప్పాడు. బాలేష్ ఏమీ నొచ్చుకోలేదు. గొప్పలు చెప్పేవాడికి సాక్షులు అడ్డమొస్తూనే ఉంటారు, వాళ్ళను దాటుకుని పోవడమే విద్య.

ఆ తర్వాత కొన్నాళ్ళు కొంపల్లి వైపు బిర్యానీ పొట్లాలు ఇళ్ళకు చేరవేశాడు. వానలో అతను హైవే దాటుతుంటే లారీలు హారన్ కొట్టకుండా ఆగి దారిచ్చేవట. ఇంకొన్నాళ్ళు గుండ్లపోచంపల్లి గోదాములో అట్టపెట్టెలకు టేపు వేశాడు. అతను టేపు వేసిన ఒక పెట్టెను విప్పలేక ముంబయిలో ఎవరో దాన్ని అలాగే స్టూలుగా వాడుకుంటున్నారట.

చివరికి మేడ్చల్ బస్టాండు దగ్గర శేఖర్ నడిపే ప్రింటింగ్ దుకాణంలో కుదిరాడు. ముందు గదిలో శుభలేఖలు, వెనక గదిలో ఫ్లెక్సీలు. బాలేష్ పని వెనక గదిలో మొదలై స్తంభం మీద ముగుస్తుంది. నిచ్చెనను బండికి కట్టుకుని, లీడర్ల పుట్టినరోజులూ, బోనాల శుభాకాంక్షలూ, దశదినకర్మ ఫొటోలూ ఊరూరా కట్టి రావాలి. ఏ స్తంభమెక్కినా ఒక కథతో దిగేవాడు. షామీర్‌పేటలో ఒకసారి దిగేసరికి కింద పులి కాచుకుని కూర్చుందనీ, తను చెరువు కట్ట పొడవునా దాన్ని తరిమితే అది నీళ్ళలో దూకి ఈదుకుంటూ పారిపోయిందనీ చెప్పాడు. అక్కడున్నది జింకల పార్కు, పులి ఎక్కడిదిరా అని ఎవరో అడిగితే, ఉండేది, నేను తరిమినంక లేదు అన్నాడు.

ఒక్క ఫ్లెక్సీ దగ్గర మాత్రం కథ పుట్టలేదు. కాలేజీవాళ్ళు ఆ ఏడు కంపెనీల్లో ఉద్యోగాలొచ్చిన పిల్లల ఫొటోలతో పెద్ద ఫ్లెక్సీ వేయించారు. అందరూ ఒకప్పుడు బాలేష్ పక్క బెంచీల మీద కూర్చున్నవాళ్ళే. గేటుకు ఎదురుగా ఉన్న స్తంభానికి దాన్ని బాలేష్ కడుతుంటే కింద నిచ్చెన పట్టుకున్నది జంగయ్య. పని అయ్యాక జంగయ్య తల ఎత్తి చూసి, ఎడమ మూల కొంచెం దిగింది, మళ్ళా కట్టు అన్నాడు. అంతే.

ఆ సాయంత్రమే బాలేష్ కన్ను కుర్చీ మీద పడింది. దుకాణం ముందు గదిలో, రెండో కంప్యూటరు ఎదుట, చక్రాల కుర్చీ ఒకటి ఖాళీగా ఉండేది. గుండ్రంగా తిరుగుతుంది, పైకీ కిందికీ ఆడుతుంది, ఏసీ గాలి సూటిగా దాని మీదికే వస్తుంది. ఎప్పటికైనా ఒక ప్రోగ్రామర్‌ను పెట్టుకుందామని శేఖర్ కొన్నాడు. ప్రోగ్రామర్ రాలేదు. కుర్చీకి వేసిన ప్లాస్టిక్ కవరైనా తీయలేదు.

పెళ్ళిళ్ళ కాలం ముంచుకొచ్చి, శుభలేఖలు టైపు చేసే బిందు మెడ పట్టేసి తల తిప్పలేకుండా కూర్చున్న రోజు చూసి బాలేష్ మాట కదిపాడు. తనకు జావా వచ్చనీ, మానేసిన కాలేజీలో ఆ సబ్జెక్టు లెక్చరర్ తన దగ్గరే డౌట్లు తీర్చుకునేవాడనీ మొదలుపెట్టి, శుభలేఖలు తయారుచేసే ప్రోగ్రాము రాస్తానన్నాడు.

"టెంప్లేట్ ఒక్కసారి పెడితే సాలన్నా. కార్డు దానంతటదే ఒస్తది."

"రాకపోతే?" అన్నాడు శేఖర్.

"రాకపోతే నిచ్చెన యాడికి పోతదన్నా. గాడనే ఉంటది."

ఈ మాట శేఖర్‌కు నచ్చింది. కుర్చీ కవరు తీయకుండానే కూర్చోమన్నాడు.

మన శుభలేఖను ఎప్పుడైనా నిదానంగా చదివినవాళ్ళకు ఆ పని ఎంత చిక్కో తెలుస్తుంది. మొత్తం కార్డంతా ఒకే ఒక్క వాక్యం. ఎవరి కూతురు, ఎవరి కొడుకు, ఎవర్ని ఎవరికిచ్చి చేస్తున్నారు, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేస్తుంది. అందులో మధ్య మాటలు తీసేస్తే పేర్లు రేషన్ షాపు ముందు వరుసలా మిగులుతాయి. పేర్లు తీసేస్తే మాటలు పెళ్ళికొడుకు ఎక్కని గుర్రంలా తిరుగుతాయి.

ఆ వాక్యాన్ని కంప్యూటరుకు అందించే పద్ధతి పేరు ఎక్స్ఎంఎల్. పేరుకు భయపెట్టినా పని తేలిక. బిందు వాక్యాన్ని మామూలుగా టైపు చేస్తూ పోతుంది. పేరు వచ్చినచోట దానికి ముందొక గుర్తు, వెనకొక గుర్తు వేస్తుంది, ఇది వధువు, ఇది వరుడు, ఇది తండ్రి అని. గుర్తుల లోపల పేర్లు, బయట మాటలు, రెండూ కలిసే నడుస్తాయి. బాలేష్ ప్రోగ్రాము ఆ వాక్యాన్ని తీసుకుని తన అరల్లో సర్దుకోవాలి. అరలంటే పోపులపెట్టెలో గిన్నెలనుకోండి. ఆవాలకొకటి, జీలకర్రకొకటి. సరుకు విడిగా ఉన్నంతసేపూ పోపులపెట్టెను మించిన సుఖం లేదు. శుభలేఖ మాత్రం విడి సరుకు కాదు, కలిపేసిన పులిహోర. పులిహోరను గిన్నెల్లో సర్దమంటే ఎంత గొప్పలరాయుడికైనా చెయ్యి ఆగుతుంది.

బాలేష్‌కు ఆగలేదు. మొదటిసారి మాటలకు గిన్నె పెట్టడమే మరిచాడు. పేర్లు మాత్రం అచ్చయి వచ్చాయి, ఒకదాని కింద ఒకటి. బిందు దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని, ఇది పెండ్లి కార్డా ఓటర్ల లిస్టా అని అడిగింది. రెండోసారి రెండు గిన్నెలు పెట్టాడు. పేర్లన్నీ ఒకదాన్లోకి, మాటలన్నీ ఇంకోదాన్లోకి. అచ్చు వేసేటప్పుడు ఇందులోంచి ఒక పేరు, అందులోంచి ఒక మాట, మళ్ళీ ఒక పేరు, మళ్ళీ ఒక మాట, అల్లుకుంటూ పోవడమే.

అదృష్టం చూడండి, కుదిరింది. దేవరయాంజాల్ గౌరయ్య కూతురు నవ్యశ్రీ పెళ్ళి కార్డు ముత్యంలా వచ్చింది. గౌరయ్య గారి కుమార్తె నవ్యశ్రీ అను వధువును అంటూ, పేరూ మాటా పేరూ మాటా బుద్ధిగా నడిచాయి. తర్వాతి రెండు కార్డులూ అంతే. బాలేష్ కుర్చీలో గిర్రున తిరిగి, ఈ ప్రోగ్రాము సంగతి తెలిస్తే బెంగళూరు నుంచి మనుషులు వస్తారనీ, వాళ్ళకు టీ ఎవరు పోస్తారో ఇప్పుడే తేల్చుకోమనీ అన్నాడు.

శేఖర్ ఇవన్నీ మనవాళ్ళ కార్డులు, తప్పున్నా ఏమీ అనరన్నాడు. కాలనీవాళ్ళ కార్డు ఒకటి వస్తోంది. అది వాళ్ళచేత మాట పడకుండా పోతే కుర్చీ బాలేష్‌కే రాసిస్తాడట. మాట పడితే కుర్చీ కవరుతోనే మళ్ళీ ఖాళీ, మర్నాడు పొద్దున నిచ్చెన.

ఆ కార్డు జానకిరామయ్య గారిది. ఆయనా, భార్య పార్వతీదేవీ కోస్తా నుంచి ఉద్యోగరీత్యా వచ్చి గుండ్లపోచంపల్లిలో కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. ఒక్కతే కూతురు సుప్రజ. వరుడు ఫణిభూషణ్, అతని తండ్రి విశ్వనాథం. గురువారం పొద్దున దంపతులిద్దరూ దుకాణానికి వచ్చారు. పార్వతీదేవి చేతిలో పసుపు పొట్లం ఉంది. మొదటి కార్డు నాలుగు మూలలా పసుపు పెట్టనిదే మిగతావి అచ్చుకు పోకూడదు. అదీ వర్జ్యం రాకముందే. వర్జ్యం గుమ్మంలో నిలబడి ఉంది.

బాలేష్ మీట నొక్కాడు. కార్డు వెచ్చవెచ్చగా బయటికొచ్చింది. పార్వతీదేవి గోడ గడియారం వంక చూస్తూ గబగబా నాలుగు మూలలా పసుపు అద్ది, కళ్ళకద్దుకుని, భర్త చేతిలో పెట్టి, అప్పుడు ఊపిరి పీల్చుకుంది. జానకిరామయ్య కళ్ళజోడు సవరించుకుని పైకే చదివాడు.

"జానకిరామయ్య దంపతుల ఏకైక కుమార్తె పార్వతీదేవి అను వధువును, శ్రీ సుప్రజ గారి పెద్ద కుమారుడు విశ్వనాథం అను వరునికి ఇచ్చి వివాహము చేయుటకు పెద్దలు నిశ్చయించినారు. ఫణిభూషణ్."

జానకిరామయ్య కార్డును కిందికి దించి భార్యను ఎగాదిగా చూశాడు.

"ఏమేవ్, పెద్దలు నిశ్చయించారట. నన్నొక్క మాట అడగలేదేం?"

పార్వతీదేవి కార్డు లాక్కుని తనే చదువుకుంది. తన పెళ్ళి వియ్యంకుడితో జరుగుతోంది. ఆ వియ్యంకుడు తన కూతురి కొడుకు. అసలు పెళ్ళికొడుకు చివర్లో పంతులుగారిలా ఒంటరిగా నిలబడ్డాడు. ఆమె ముఖం పొట్లంలోని పసుపు రంగుకు తిరిగింది.

"ఇదేంటండీ బాబూ ఇది. పసుపు కూడా పెట్టేశాను. పసుపు పెట్టిన కార్డు చింపకూడదు."

"చింపడం దేనికి, నా దగ్గరుంటుంది" అని జానకిరామయ్య దాన్ని జేబులో పెట్టుకున్నాడు. ఇంట్లో ఎప్పుడైనా మాటా మాటా వస్తే పనికొస్తుందట.

శేఖర్ నవ్వలేదు. వెనక గది వైపు చూశాడు. ఆ గదిలో గోడకు నిచ్చెన ఆనించి ఉంటుందని బాలేష్‌కు చెప్పనక్కర్లేదు. పార్వతీదేవి ఇక్కడొద్దు, సికింద్రాబాదులో వేయించుకుందాం పదండి అంది. జానకిరామయ్య గడియారం చూపించాడు. వర్జ్యం వచ్చేసింది. ఇప్పుడు గడప దాటి ఇంకో దుకాణంలో మొదలుపెట్టినా దోషమే. అది వెళ్ళేదాకా ఇక్కడే కూర్చోక తప్పదు. బాలేష్ జీవితంలో ఒక చెడు ఘడియ అతనికి మేలు చేయడం అదే మొదలు.

శేఖర్ వంగి మెల్లగా అన్నాడు. "వర్జ్యం పోయేదాంక కుర్సీల ఉండు. తరువాత నీ ఇష్టం గాదు, నా ఇష్టం గాదు, గా అమ్మ ఇష్టం."

తప్పు ఎక్కడుందో బాలేష్‌కు తొందరగానే చిక్కింది. గౌరయ్య కార్డులో పేరు తర్వాత మాట, మాట తర్వాత పేరు. ఇక్కడ భార్యాభర్తల పేర్లు ఒకదాని కింద ఒకటి, మధ్యలో మాటే లేదు. ప్రోగ్రాముకు ఆ సంగతి ఎవరు చెప్పారు? జానకిరామయ్య పేరు కాగానే అలవాటు ప్రకారం ఒక మాట తీసింది. ఆ మాట పార్వతీదేవి తర్వాత రావలసింది. అక్కడినుంచి ప్రతి పేరూ ఒక మెట్టు జారి పక్కవాళ్ళ చుట్టరికంలో కూర్చుంది.

బాలేష్ రెండు పేర్ల మధ్య ఒక కామా పెట్టాడు. కామా కూడా మాటే కదా. తెర మీద వాక్యం చక్కబడింది. సుప్రజ వధువు, ఫణిభూషణ్ వరుడు, ఎవరి భర్తలు వాళ్ళకు. బాలేష్ కుర్చీ తిప్పబోయాడు. పూర్వం ఒక రాజుగారి సింహాసనం కూడా ఒక్క గోరంత చీలతో నిలబడిందనే కథ అతని నాలుక చివరికి వచ్చింది.

అప్పుడే జానకిరామయ్యకు వాళ్ళమ్మ గుర్తొచ్చింది. ఆవిడ పేరు కార్డులో లేకపోతే పెళ్ళికి రానంటుందట. మొట్టమొదట, శ్రీమతి సుభద్రమ్మ గారి మనుమరాలు అని చేర్చమన్నాడు. బిందు చేర్చింది. బాలేష్ తెర మీద చూసుకుని, ఎవరికీ కనిపించకుండా రెండు చేతులూ అడ్డం పెట్టాడు. వాక్యం ఇప్పుడు పేరుతో కాకుండా మాటతో మొదలైంది. మళ్ళీ మెట్టు జారింది. జానకిరామయ్య శ్రీమతి అయ్యాడు. తల్లీకూతుళ్ళు దంపతులయ్యారు. వాళ్ళ ఏకైక కుమార్తె విశ్వనాథం వధువై కూర్చున్నాడు.

బిందు చేతుల సందులోంచి చదివేసింది. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని చాలాసేపు మెడనొప్పి మరిచిపోయింది. ఇంకెక్కడ కామా పెడదామా అని బాలేష్ వెతుకుతుంటే, ఎన్నని పెడతావ్, రేపు ఇద్దరు మేనమామల పేర్లొస్తే, పక్కనే బావల పేర్లొస్తే, ఊరంతటికీ కామాలు నువ్వే పంచుతావా అంది. బాలేష్ మాట్లాడకపోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. స్టూలు దగ్గరికి లాక్కుంది.

"బాలేషూ, నీ పులి కథనే సూడు. పులి ఒక గిన్నెల ఉన్నది. నువ్వు ఇంకో గిన్నెల ఉన్నవ్. తరుముడు మూడో గిన్నెల ఉన్నది. ఇగ జెప్పు, ఎవరు ఎవర్ని తరిమిన్రు?"

"నేనే తరిమిన."

"గది నీ నోట్ల ఉన్నది. గిన్నెల లేదు."

బాలేష్ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. పులి, తను, తరుముడు. మూడూ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. అయినా కథ పోయింది. చెప్పేటప్పుడు ఏది ముందు, ఏది వెనక అన్నదే కథ. తనెన్ని అబద్ధాలు ఆడినా ఆ వరుస ఎన్నడూ తప్పలేదు. తప్పితే పులే తనను తరిమేది. కోతలు కోయడంలో అంత జాగ్రత్తగా ఉండేవాడు పని దగ్గరికొచ్చేసరికి పేర్లొక మూట, మాటలొక మూట కట్టి, మధ్యలో ఉన్న వరుసను ఊడ్చి పారేశాడు. పారేసినదాన్ని ఇంతసేపూ లెక్కలు వేసి ఊహించుకుంటున్నాడు, తర్వాత పేరేమో, తర్వాత మాటేమో అని.

గిన్నెలు రెండూ తీసేశాడు. వాటి చోట ఒక్క పొడుగాటి వరుస పెట్టాడు. వచ్చినది వచ్చినట్టు అందులో చేరాలి. మాట వస్తే మాట, పేరు వస్తే పేరు, పేరు వెనకే పేరు వచ్చినా సరే, పొమ్మనకూడదు, ఆగమనకూడదు. ప్రతి పేరు మెడలో మాత్రం ఇది ఎవరిదన్న బిళ్ళ ఉంటుంది. అచ్చు వేసేటప్పుడు మొదటినుంచి చివరి దాకా నడిచి, మాటను మామూలు అక్షరాల్లో, పేరును బంగారు అక్షరాల్లో వేస్తే చాలు, ఊహించేదేమీ లేదు. ఇలా కలిసి వచ్చే సరుకు కోసం జావాలో ఒక గుర్తు ముందునుంచే ఉందని నెట్‌లో వెతికితే తేలింది. మిక్స్‌డ్ అంటారు. ఆ వరుస నెత్తిన ఆ గుర్తు పెడితే మాటలూ పేర్లూ కలిసే వచ్చి చేరతాయి. కాలేజీవాళ్ళు అడిగిన రెండు పుస్తకాల్లో ఒకదాన్లో అది ఉండే ఉంటుంది. అతను తెరవలేదంతే.

వర్జ్యం వెళ్ళిందని జానకిరామయ్య ఫోను చూసి చెప్పాడు. పార్వతీదేవి పొట్లం విప్పలేదు. కొత్త కార్డు బయటికి వచ్చినా ముట్టుకోలేదు. ఈసారి చదివిన తర్వాతే పసుపు అంది. అదీ తను చదవదట, భర్త చదవడట.

"నువ్వే చదువు అబ్బాయ్. అందులో ఉన్నదే చదువు."

బాలేష్ లేచి నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక అతను ఒక వాక్యాన్ని ఉన్నదున్నట్టు చెప్పింది లేదు. శేఖర్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. బాలేష్ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. శ్రీమతి సుభద్రమ్మ గారి మనుమరాలు, జానకిరామయ్య, పార్వతీదేవి దంపతుల ఏకైక కుమార్తె సుప్రజ అను వధువును దగ్గరికి వచ్చేసరికి నాలుక దురద పెట్టింది. ఏకైక కుమార్తె అని ఊరుకోవడం అతనికి చాలా పిసినారితనంగా తోచింది. ఒక ఏనుగునో, ఏడు ఊళ్ళ బాజాలనో తగిలిస్తే ఎంత నిండుగా ఉండేది. మింగేశాడు. శ్రీ విశ్వనాథం గారి పెద్ద కుమారుడు ఫణిభూషణ్ అను వరునికి ఇచ్చి వివాహము చేయుటకు పెద్దలు నిశ్చయించినారు. చివరి మాట అయ్యాక ఇంకేమీ కలపకుండా నోరు మూసుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది, ఏసీ కిందే.

పార్వతీదేవి ఇంకోసారి చదవమంది. చదివాడు. ఆమె వేలితో ఒక్కో పేరునూ తాకి చూసుకుని, అత్తగారి పేరు దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఆగి, అప్పుడు పొట్లం విప్పింది. నాలుగు మూలలా నిదానంగా పసుపు పెట్టింది. జానకిరామయ్య కొంచెం దిగులుగా, అయితే పాత సంబంధం తప్పిపోయినట్టే కదా అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక శేఖర్ కత్తెర తెచ్చి కుర్చీకున్న ప్లాస్టిక్ కవరును వెనకనుంచి నిలువుగా కోసి, చుట్టి, చెత్తబుట్టలో వేశాడు. "కూసో" అన్నాడు.

ఆ సాయంత్రం జంగయ్య కాలేజీ డ్యూటీ దిగి, బస్సు మారడానికి మేడ్చల్‌లో ఆగినప్పుడు దుకాణం అద్దంలోంచి లోపలికి చూశాడు. కొడుకు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా కార్డు వేయించుకోవడానికి వచ్చిన ఎవరో పార్టీ, నోరు తెరుచుకుని వింటోంది. కార్డులో నూట ఎనిమిది పేర్లనీ, ఒక్క పేరు జారినా రెండు జిల్లాలు కొట్టుకుని చచ్చేవనీ బాలేష్ చెబుతున్నాడు. పక్క సీటు నుంచి బిందు, ఆరు పేర్లు అంది. బాలేష్ ఆమె వైపు తల తిప్పలేదు. కాలితో నేలను చిన్నగా తన్నాడు. కుర్చీయే అతన్ని అటు తిప్పుకుని, మళ్ళీ పార్టీ వైపు తెచ్చి నిలబెట్టింది.

"పెద్దవి ఆరు" అన్నాడు.